గొంతు మన చేతికొచ్చింది, పద్దు ఇంకా రాలే
కామారెడ్డి, ఎల్లారెడ్డి తండాల్లోకి నెట్ వచ్చిన కథ



ఈసారి పోస్టు పొడుగుంది. తీరికగా ఉన్నప్పుడు చదవండి.

పోయిన తీజ్ పండుగకు మేం కొందరం కలిసి ఎల్లారెడ్డి దిక్కు ఒక తండాకు పోయినం. అక్కడ ఒక దాది గుమ్మం మీద కూసోని ఫోన్‌లో మాట్లాడుతున్నది. ఫోన్ చెవికి పెట్టుకోలే. మైకు గుర్తు మీద బొటనవేలు ఒత్తిపట్టి, దుబాయిలో ఉన్న మనుమడికి మన భాషలో మాట పంపుతున్నది. తిన్నవా, జరం తగ్గిందా, ఇక్కడ మక్క మంచిగ లేచింది, ఇట్ల. అయిదు నిమిషాలకు అటునుంచి జవాబు వచ్చింది. దాదికి చదువు రాదు, సంతకం కూడా వేలిముద్రే. అయినా సముద్రం అవతలికి ఉత్తరం రాసి జవాబు తెప్పించుకున్నట్టే లెక్క.

మేం చదువుకున్నోళ్లమని తెలిసి ఇంట్లోకి పోయి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో జాబ్ కార్డు, ఆధార్ కార్డు, బ్యాంకు బుక్కు. మూడింట్లో మూడు తీర్ల పేరు. ఒకదాంట్లో ‘బాయి’ ఉంది, ఒకదాంట్లో లేదు, ఇంకొకదాంట్లో ఇంటిపేరు స్పెల్లింగే మారిపోయింది. చేసిన పనికి పైసలు పడలే. మూడుసార్లు తిరిగింది, ప్రతిసారీ ‘కంప్యూటర్ తీసుకుంటలేదు’ అన్నరట. దాది మమ్మల్ని ఒకటే అడిగింది: “బేటా, నా మాట దుబాయి దాకా పోతున్నది, నా పేరు మండలం దాకా ఎందుకు సక్కగ పోతలేదు?”

ఆ ప్రశ్నకు అప్పుడు మా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి మాట్లాడుకున్నం, పెద్దోళ్లను అడిగినం, పాత సంగతులు తిరగేసినం. మాకు అర్థమైంది ఇది. నెట్ మన తండాలకు రెండు తొవ్వల వచ్చింది. ఒక తొవ్వల గొంతు వచ్చింది: పాట, వీడియో, వాయిస్ మెసేజ్. ఇంకో తొవ్వల పద్దు వచ్చింది: ఆన్‌లైన్‌లో మన పేరు, మన భూమి, మన హాజరు. గొంతు మన చేతికి వచ్చింది. పద్దు మాత్రం ఇప్పటికీ వేరేవాళ్ల చేతిలో ఉంది. ఈ రెండింటి చరిత్ర నెట్ కన్నా చాలా పాతది. అందుకే వెనక నుంచి మొదలుపెడుతున్నం.

ఎద్దుల మీద నడిచిన వార్త

మన పూర్వీకులు లదేణి చేసేవాళ్లు. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకొని దేశం తిరిగేవాళ్లు. 17వ శతాబ్దంలో ఈ దేశంలో తిరిగిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే ఈ బిడారులను చూసి రాసిపెట్టాడు. ఒక్కో బిడారులో పది పన్నెండు వేల ఎద్దులు కూడా ఉండేవని ఆయన లెక్క. మొగలు సైన్యం దక్కన్‌కు దిగినప్పుడు దానికి తిండిగింజలు మోసింది మన ఎద్దులే. సముద్రం ఒడ్డు నుంచి ఉప్పు లోపలి ఊళ్లకు మోసిందీ మనమే.

ఎద్దు ఒట్టి ఉప్పే మోయదు. ఏ ఊళ్లో కరువు, ఏ తొవ్వల దొంగలు, ఏ సంతలో ధర ఎంత, ఏ తండాలో పిల్లకు సంబంధం చూస్తున్నరు, ఇవన్నీ బిడారు వెంటే నడిచేవి. అంటే వార్తలు మోసే పని మనకు కొత్త కాదు. ఒకప్పుడు ఈ దక్కన్‌లో అసలు నెట్‌వర్కే మనం.

మరి పద్దు ఎవరు రాసేవాళ్లు? మన ఢాడీలు. గోత్రం, పాడ, ఎవరి కొడుకు ఎవరు, ఏ తండా ఎక్కడి నుంచి కదిలింది, అన్నీ వాళ్ల నోటి మీద ఉండేవి. వాయిద్యం వాయించుకుంటూ ఏడు తరాల పేర్లు తప్పు లేకుండా చెప్పేవాళ్లు. తప్పు చెబితే ఎదురుగా కూర్చున్న ముసలాయన అక్కడికక్కడే దిద్దేవాడు. అప్పుడు గొంతు, పద్దు ఒక్కచోటే ఉండేవి. పేరు తప్పు పడితే అడగడానికి మనిషి ఎదురుగానే ఉండేవాడు.

తర్వాత రైలు వచ్చింది. హైదరాబాద్ నుంచి మన్మాడ్ పోయే గోదావరి వ్యాలీ రైల్వే 1901 నాటికి నడవడం మొదలైంది. కామారెడ్డి స్టేషన్ ఆ లైను మీదిదే. రైలు పట్టా పక్కనే టెలిగ్రాఫ్ వైరు. ఎద్దు నెలల తరబడి నడిచే దూరాన్ని రైలు ఒకటి రెండు రోజుల్లో దాటింది. వార్త అయితే నిమిషాల్లో దాటింది. దేశమంతటా రైళ్లు, రోడ్లు పెరిగినకొద్దీ లదేణికి బేరం లేకుండా పోయింది. ఎద్దులు అమ్ముకొని మనోళ్లు అడవి అంచులు పట్టుకున్నరు. గాంధారి, లింగంపేట, మాచారెడ్డి దిక్కు గుట్టల పక్కన తండాలు స్థిరపడ్డయి. 1923 నుంచి 1931 దాకా మంజీర మీద నిజాంసాగర్ కట్టిన్రు. కాలువ కింద భూములు పచ్చబడ్డయి గానీ, గుట్ట మీది తండాకు కాలువ నీళ్లు ఎక్కవు కదా.

అంటే కొత్త లైను వచ్చిన ప్రతిసారీ మనకు మేలే అయితదని లేదు. ఆ వైరు మన తండా పక్కనుంచే పోయింది, మన కోసం మాత్రం పోలే.

మొదటి పద్దు, రెండో పద్దు

సర్కారు పుస్తకంలో మనసొంటి సంచార జాతుల పేరు మొదట ఎట్ల ఎక్కిందో తెలుసా? నేరస్థులుగా. 1871లో ఇంగ్లీషోళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చిన్రు. పుట్టుకతోనే నేరం చేసే జాతులు ఉంటయని ఆ చట్టం చెప్పింది. తర్వాత దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా పొడిగించారు. అక్కడ మన సుగాలీలను, ఎరుకల అన్నదమ్ములను ఆ జాబితాలో పెట్టిన్రు. పేరు రాయించుకోవాలి, హాజరు వేయించుకోవాలి, ఊరు దాటితే చెప్పి పోవాలి. మన జిల్లా నిజాం ఇలాకాలో ఉండె కాబట్టి ఇక్కడి చట్టాలు వేరు. కానీ సంచార జాతి మీద దొంగ అనే ముద్రకు సరిహద్దు ఉండదు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి 5 ఏండ్లు గడిచినంక, 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. చట్టం పోయినా ముద్ర అంత తొందరగా పోలేదు.

రెండో పద్దు మేలు చేసింది. ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలు ముందే ఎస్టీ జాబితాలో ఉన్నరు గానీ, తెలంగాణ లంబాడీలు లేకుండిరి. 1976 సవరణ చట్టంతో, 1977 జులై నుంచి మనం ఎస్టీలం అయినం. ఆశ్రమ పాఠశాల, హాస్టల్, ఉద్యోగం, ఇప్పుడు ఈ పోస్టు రాస్తున్న మేం, చదువుతున్న మీరు, అంతా ఆ ఒక్క పద్దు చలవే. 2022 సెప్టెంబర్ 30న రాష్ట్రంలో ఎస్టీ రిజర్వేషన్ 6 శాతం నుంచి 10 శాతం అయింది. అదీ పద్దే.

ఒక జాబితాలో పేరు ఎక్కితే ఒక తరం జైలు పాలైంది, ఇంకో జాబితాలో ఎక్కితే ఇంకో తరం కాలేజీ పాలైంది. అందుకే పద్దును చిన్నగ చూడొద్దు.

పాట నుంచి ఫోన్ దాకా

నెట్ రాకముందు మన దగ్గర రాజకీయం ఎట్ల నడిచింది? పాటతో నడిచింది. తెలంగాణ ధూం ధాం మొట్టమొదట 2002లో మన కామారెడ్డిలోనే జరిగింది. గజ్జె, డప్పు, పాట. ఒక ఊళ్లో విన్న పాట వారం తిరిగేసరికి పక్క తండాలో వినబడేది. 2011లో 42 రోజుల సకల జనుల సమ్మె నాటికి చేతుల్లో చిన్న బటన్ ఫోన్లే ఎక్కువ. అయినా ఉద్యమం ఆగలేదు. నెట్ లేకపోతే రాజకీయం లేదనుకునే తమ్ముళ్లు ఈ సంగతి యాదికి పెట్టుకోవాలి.

గల్ఫ్ పోయినోళ్లతోని మాట్లాడుడు మరీ కష్టం. ఉత్తరం రాయాలంటే రాసేటోడు కావాలి, వచ్చింది చదివేటోడూ కావాలి. కొందరు క్యాసెట్‌లో మాటలు రికార్డు చేసి, ఊరికొచ్చే మనిషి చేతికిచ్చి పంపేవాళ్లు. ఇంటిల్లిపాది టేప్‌రికార్డర్ చుట్టూ కూసోని వినేవాళ్లు. తర్వాత ఎస్టీడీ బూతులు వచ్చినయి. తండా నుంచి మండలానికి నడిచిపోయి ఫోన్ కోసం లైన్‌లో నిలబడ్డ అమ్మలు ఇంకా ఉన్నరు, అడిగి చూడండి.

2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. నెల గడిచి, అక్టోబర్ 11న దసరా నాడు నిజామాబాద్ నుంచి విడిపోయి కామారెడ్డి జిల్లా అయింది. కొత్త సిమ్ము, కొత్త జిల్లా దాదాపు ఒక్క పండుగకే వచ్చినట్టు. నెట్ చౌక అయింది, చేతికి వీడియో వచ్చింది.

అప్పుడే మన భాషకు ఒక పెద్ద మేలు జరిగింది. దీన్ని గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరు. మన గోర్ బోలికి సొంత లిపి లేదు. ఇక్కడ మనం తెలుగు అక్షరాల్లో రాస్తం. మద్నూర్, జుక్కల్ దాటితే అటు నాందేడ్, ఇటు బీదర్. నాందేడ్‌లో మన మేనమామ దేవనాగరిలో రాస్తడు, బీదర్‌లో మన అత్త కొడుకు కన్నడ అక్షరాల్లో రాస్తడు. మాట ఒక్కటే, అక్షరాలు మూడు. ఒకరి ఉత్తరం ఒకరికి చదవరాదు. వాయిస్ మెసేజ్‌కు మాత్రం లిపి అక్కర్లేదు. మూడు రాష్ట్రాల్లో ముక్కలైన తండాలను మళ్లీ ఒక్క గొంతుతో కలిపింది ఆ మైకు గుర్తే. యూట్యూబ్‌లో మన పాటలు వచ్చినయి, తీజ్ వీడియోలు వచ్చినయి, ఫిబ్రవరి 15 సేవాలాల్ జయంతి ఊరేగింపులు లైవ్‌లో వచ్చినయి. మన భాష మాట్లాడితే క్లాసులో నవ్వుతరని భయపడ్డ తరం మనది. ఇప్పుడు అదే భాషలో పాట పాడి, వేలమందితోని చూపించుకుంటున్నం.

మరి ఇదే భాష పద్దులో ఎట్లుంది? 2011 జనాభా లెక్కల్లో లంబాడీ మాతృభాష అని చెప్పినవాళ్లు దేశంలో 32 లక్షలకు పైనే. ఆ లెక్కను హిందీ కింద కలిపి రాశారు. అంటే గొంతులో గోర్ బోలి, పద్దులో హిందీ. దాది పేరుకు అయిందే మన భాషకూ అయింది.

మా తండాల మా రాజ్యం

‘మా తండాల మా రాజ్యం’ అని ఎన్నో ఏండ్లు కొట్లాడినం. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు, గూడేలు కలిపి 1,177 కొత్త గ్రామ పంచాయతీలు అయినయి. ఆ ఏడాది ఆగస్టు 2 నుంచి అవి మొదలైనయి. 2019 జనవరిలో ఎన్నికలు జరిగి, మనోళ్లు మన తండాలోనే సర్పంచ్‌లు అయిన్రు. అప్పటిదాకా తండా అంటే ఏదో ఊరికి తోక. వీధి దీపం పోయినా అవతలి ఊరి సర్పంచ్‌ను బతిమిలాడాలె.

మన తండా పెద్దరికం నాయక్, కార్భారి చుట్టూ నడిచేది. అందరూ ఒక్కచోట కూసోని, ఎదురెదురుగ మాట్లాడి తీర్పు చెప్పేవాళ్లు. తండాకు పంచాయతీ వచ్చిన ఆ రోజుల్లోనే ప్రతి తండాకు ఒక వాట్సాప్ గ్రూపు కూడా వచ్చింది. నల్లా రాలేదన్నా, కరెంటు పోయిందన్నా గ్రూపులో పెడితే సర్పంచ్ చూస్తడు. ఇది మంచిదే. కానీ గ్రామసభకు వచ్చే మనుషులు తగ్గిపోతే అది మంచిది కాదు. గ్రూపులో వంద మెసేజ్‌లు పెట్టినా అవి తీర్మానం కావు. గ్రామసభ పుస్తకంలో రాసిన ఒక్క వాక్యానికి ఉన్న బలం వాటికి లేదు. ఎందుకంటే పుస్తకం పద్దు, గ్రూపు గొంతు.

పుకారు మనల్ని వెతుక్కుంటూ వచ్చింది

2018 మే నెల యాదికుందా? పార్థీ గ్యాంగ్ తిరుగుతున్నది, పిల్లలను ఎత్తుకపోతున్నది అని రాష్ట్రమంతా వాట్సాప్‌లో వీడియోలు తిరిగినయి. తెలియని మనిషి కనబడితే కొట్టిన్రు. మన పక్క నిజామాబాద్ జిల్లాలో కూడా ఆ మూకల చేతిలో ప్రాణం పోయింది. ఆ జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి 5 కన్నా ఎక్కువ చోట్లకు పంపకుండా కట్టడి పెట్టింది.

ఆ పేరును ఒకసారి చూడండి. పార్థీ అంటే పార్ధీలు, వేటాడి బతికిన సంచార తెగ. 1871 చట్టం ముద్ర వేసిన జాతుల్లో వాళ్లూ ఉన్నరు. చట్టం పోయి 66 ఏండ్లయింది, ముద్ర మాత్రం వాట్సాప్‌లో బతికొచ్చింది. కట్టుబట్ట తేడా ఉన్నోళ్లు, భాష తేడా ఉన్నోళ్లు, ఊరూరు తిరిగి బతికేటోళ్లు దెబ్బలు తిన్నరు. బాధ ఏందంటే, ఆ వీడియోలను మన తండా గ్రూపుల్లో కూడా మనోళ్లే పంపుకున్నరు. ఒకప్పుడు మన మీద వేసిన ముద్రను ఇంకొకరి మీద వేయడానికి మనమే వేలు కదిపినం. ఇది ఒప్పుకోవాలె.

అదే సమయంలో గద్వాల జిల్లాలో ఎస్పీ రేమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికి పంపింది. కళాకారులతో పాట కట్టించి, డప్పు కొట్టించి, ఇది అబద్ధమని చెప్పించింది. అక్కడ ఒక్క ప్రాణం కూడా పోలేదు. వాట్సాప్ పుకారును ఆపింది మళ్లీ పాత డప్పే.

ఇంకో సంగతి మాట్లాడటం కష్టం, అయినా మాట్లాడాలె. 2017 చివర్లో ఆదిలాబాద్ దిక్కు ఆదివాసీ అన్నదమ్ములకు, మనకు మధ్య గొడవలు పెరిగినయి. ఆ డిసెంబర్‌లో అక్కడ ఇంటర్నెట్ బంద్ పెట్టిన్రు. ఎవరి న్యాయం ఎంత అనేది ఎదురెదురుగ కూసోని మాట్లాడుకోవాల్సిన మాట. కానీ ఆ రోజుల్లో రెండు దిక్కులా ఫోన్లలో తిరిగిన మాటలు, కలిసి కూసునే జాగనే లేకుండ చేసినయి. ఈ గ్రూపులో గోండు, కోయ, నాయకపోడు, ఎరుకల తమ్ముళ్లు, చెల్లెండ్లు కూడా ఉన్నరు. వాళ్లు చదువుతున్నరని మరిచి ఏదీ రాయొద్దు.

దీంట్లో ఇంకో పాఠం ఉంది. గొంతు మన చేతికొచ్చింది అన్నం గానీ, దాని స్విచ్ మన చేతిలో లేదు. సర్కారు ఒక ఆర్డర్‌తో బంద్ చేయొచ్చు. 2020 జూన్‌లో టిక్‌టాక్ బంద్ అయినప్పుడు దానిమీద ఆడి పాడిన పిల్లల వీడియోలు ఒక్కరోజులో పోయినయి. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో వాన దంచినప్పుడు రాజంపేట మండలం అర్గొండలో 40 సెంటీమీటర్లకు పైగా పడింది. భిక్కనూర్, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింద కట్టే కొట్టుకపోయింది. ఎద్దును ఓడించిన రైలు కూడా వాగుకు ఓడిపోయింది. అట్లాంటప్పుడు కరెంటు, టవరు పోతే ఫోన్ ఒట్టి టార్చిలైటే. పక్కింటి మనిషే నెట్‌వర్క్.

పద్దు ఆన్‌లైన్ ఎక్కినంక

ఇప్పుడు దాది ప్రశ్నకు వద్దాం.

ఉపాధి హామీ 2006 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు మొదటి విడత జిల్లాల్లో మన నిజామాబాద్ ఉంది. అప్పుడు హాజరు మస్టర్ కాగితం మీద. 2021 మేలో హాజరు యాప్ వచ్చింది. పని జాగలో పొద్దున ఒక ఫోటో, మధ్యాహ్నం దాటినంక ఒక ఫోటో. 2023 జనవరి 1 నుంచి అన్ని పనులకూ అదే తప్పనిసరి చేసిన్రు. గుట్ట కింద సిగ్నల్ ఉండదు, సర్వర్ రాదు. గుంత తవ్విన చేతులు ఎదురుగ కనబడుతున్నా, ఫోటో ఎక్కకపోతే కూలి లేదు. 2024 జనవరి 1 నుంచి ఆధార్‌తో కలిసిన ఖాతాకే పైసలు. బానోత్ అని ఒకచోట, భానోతు అని ఇంకోచోట ఉంటే మిషన్‌కు అది ఇద్దరు మనుషులు. మన ఇంటిపేర్లను మనం చెప్పినట్టు రాసినోళ్లు తక్కువ, వాళ్లకు వినబడ్డట్టు రాసినోళ్లు ఎక్కువ. ఢాడీ అయితే ఎదురుగ దిద్దుకునేటోడు. కంప్యూటర్‌ను ఎవరు దిద్దుతరు?

భూమి సంగతి ఇంకా బరువైనది. ఆదిలాబాద్, భద్రాచలం దిక్కు షెడ్యూల్డ్ ఏరియాకు 1/70 చట్టం అడ్డం ఉంటది. మన కామారెడ్డి జిల్లా షెడ్యూల్డ్ ఏరియా కాదు. మన భూమికి అడ్డం ఉండేది పుస్తకంలో పేరొక్కటే. పాత పహాణీలో పట్టాదారు పేరుతో పాటు అనుభవదారు కాలమ్ ఉండేది. దున్నుతున్నది ఎవరో అందులో కనబడేది. 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది. ఆ కాలమ్ పోయింది. తెల్ల కాగితం మీద కొనుక్కున్న సాదాబైనామా భూముల కోసం ఆ ఏడాది దాదాపు 9 లక్షల దరఖాస్తులు పడి, ఏండ్ల తరబడి ఆగినయి. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారుడు ముఖ్యం కాదు, మన పేరు దాంట్లో ఉందా లేదా చూసుకునుడు ముఖ్యం.

పోడు కూడా అంతే. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి దున్నుతున్నోళ్లకు హక్కు. 2021 నవంబర్‌లో రాష్ట్రంలో మళ్లీ దరఖాస్తులు తీసుకున్నరు. 2023 జూన్ 30 నుంచి లక్షా 51 వేల మందికి 4 లక్షల 6 వేల ఎకరాలకు పట్టాలు పంచుడు మొదలైంది. అడిగిన భూమి దీనికి రెండింతల కన్నా ఎక్కువ. అందని తండాలు మన దగ్గర ఎన్నో ఉన్నయి. శాటిలైట్ ఫోటోలో ఆ జాగ అప్పుడు చెట్లతో కనబడ్డదని అంటే మనోళ్లు తల వంచుకొని వచ్చేస్తున్నరు. కానీ 2012లో సవరించిన రూల్స్ ఏం చెబుతున్నయి? శాటిలైట్ ఫోటో మిగతా సాక్ష్యాలకు తోడుగ మాత్రమే ఉండాలె, వాటి బదులు దాన్నే లెక్కలోకి తీసుకోవద్దు అని. ముసలాయన వాంగ్మూలం, పాత బావి, సమాధి, బోడు, గట్టు, ఇవన్నీ సాక్ష్యాలే. ఆకాశం నుంచి తీసిన బొమ్మ కన్నా గ్రామసభలో నిలబడ్డ మనిషి తక్కువ కాదని చట్టమే చెబుతున్నది. ఈ ముక్క చదివి చెప్పే తమ్ముడు తండాకు ఒక్కడు ఉంటే చాలు.

పద్దు వేరేవాళ్ల చేతిలో పడితే ఏమైతదో లోన్ యాప్‌లు కూడా చూపించినయి. 2020లో కరోనాకు పనులు బంద్ అయినప్పుడు చాలామంది ఫోన్లలో అప్పు తీసుకున్నరు. యాప్ వేసుకునేటప్పుడు ఫోన్ నంబర్లన్నీ చూడటానికి పర్మిషన్ ఇచ్చినం. కిస్తీ ఆగితే చుట్టాలందరికీ మెసేజ్‌లు పంపి ఇజ్జత్ తీసిన్రు. ఆ డిసెంబర్‌లో తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నోళ్లు ఉన్నరు. అదే ఏడాది సెప్టెంబర్ 1 నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరిలో క్లాసులు. మనలో ఎంతమంది సిగ్నల్ కోసం గుట్టెక్కినమో మనకే ఎరుక.

మ్యాప్ చదివిన ఊళ్లు

ఇదంతా చదివి నిరాశ పడొద్దు. పద్దును మార్పించుకున్న కథ మన జిల్లాలోనే ఉంది. కామారెడ్డి మున్సిపాలిటీ ముసాయిదా మాస్టర్ ప్లాన్ బయటికొచ్చినప్పుడు ఇల్చిపూర్, టేక్రియాల్, లింగాపూర్, అడ్లూర్ ఎల్లారెడ్డి (మన ఎల్లారెడ్డి కాదు, కామారెడ్డి పక్కది) రైతులు ఆ మ్యాప్‌లో తమ సర్వే నంబర్లు వెతుక్కున్నరు. సాగు భూములు ఇండస్ట్రియల్ జోన్ కింద కనబడ్డయి. 2023 జనవరి మొదట్లో ఒక రైతు ప్రాణం తీసుకున్నడు. జనవరి 5న వేలమంది కలెక్టరేట్ ముందు కూసున్నరు. ఆ నెల 20న మున్సిపల్ కౌన్సిల్ ప్లాన్ రద్దు చేస్తున్నట్టు తీర్మానం చేసింది.

వాళ్లు ఏం చేసిన్రో వరుసగ చూడండి. ముందు మ్యాప్ చదివిన్రు. తర్వాత సర్వే నంబర్లు రాసుకున్నరు. తర్వాత ఊరూరు కలిసిన్రు. తర్వాత రోడ్డెక్కిన్రు. చివరికి తీర్మానం రాయించిన్రు. వీడియోలు లైవ్‌లు అన్నీ నడుమ నడిచినయి. గొంతుతోని పద్దును దిద్దించుడు అంటే ఇదే.

అదే ఏడాది నవంబర్ 30న అసెంబ్లీ ఎన్నికలు. కామారెడ్డిలో ముఖ్యమంత్రి కేసీఆర్, కాబోయే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఇద్దరూ నిలబడ్డరు. రాష్ట్రంలో ఉన్న యూట్యూబ్ ఛానళ్లన్నీ కామారెడ్డి చౌరస్తాలోనే మైకులు పెట్టినట్టుండె. డిసెంబర్ 3న ఫలితం వస్తే ఇద్దరూ ఓడిపోయి, మాస్టర్ ప్లాన్ కొట్లాటలో ముందున్న బీజేపీ కాటిపల్లి వెంకటరమణారెడ్డి 6,741 ఓట్లతో గెలిచాడు. ఎవరికి ఓటేయాలన్నది ఇక్కడ ముచ్చట కాదు. దేశమంతా మన జిల్లాను చూసిన ఆ రెండు నెలల్లో ఎన్ని మైకులు మన తండా దాకా వచ్చినయి? పోడు గురించి, హాజరు యాప్ గురించి, తప్పు పడ్డ పేర్ల గురించి ఎన్ని వీడియోలు చూసినం? మనమే ఎన్ని తీసినం? నాయకుల రీల్స్ మాత్రం మనమే లక్షలసార్లు తిప్పినం.

ఇప్పుడు ఏం చేద్దాం

దాది పని అయిందా అని అడుగుతరేమో. మేం ఆ మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి ఫోటో తీసినం. మీసేవలో ఆధార్ పేరు ఎట్లుందో ప్రింట్ తీసినం. జాబ్ కార్డులో, బ్యాంకులో అదే స్పెల్లింగ్ పెట్టమని దరఖాస్తు రాసి, దాది వేలిముద్ర వేయించి, రసీదు తీసుకున్నం. రెండు సార్లు మళ్లీ పోవాల్సి వచ్చింది. జాబ్ కార్డు సరైంది. బ్యాంకుది ఇంకా నడుస్తున్నది. రసీదు మాత్రం దాది కవరులో ఉంది.

మన అడుగుడు ఇంతే. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక నోట్‌బుక్కు కొనండి. మీ తండాలో ఇంటింటికీ పోయి ఆధార్, జాబ్ కార్డు, బ్యాంకు బుక్కు, పట్టా పాస్‌బుక్కుల్లో పేర్లు ఒక్కతీరుగ ఉన్నయా చూసి రాయండి. పోడు దున్నుతున్నోళ్ల పేర్లు, హద్దులు, ఎప్పటినుంచి దున్నుతున్నరో పెద్దమనుషులు చెప్పింది రాయండి. ఆ ముసలోళ్ల మాట మన భాషలోనే ఫోన్‌లో రికార్డు చేయండి, వాళ్లు పోయినంక ఆ సాక్ష్యం దొరకదు. గ్రామసభ ఉన్ననాడు గ్రూపులో పోస్టు పెట్టి ఊరుకోకుండ, మనిషి పోయి పుస్తకంలో రాయించండి, నకలు అడగండి. ఎవరి మీదనన్నా దొంగ అని, గ్యాంగ్ అని మెసేజ్ వస్తే, 1871 యాదికి తెచ్చుకొని వేలు ఆపండి.

ఒకప్పుడు ఢాడీ నోట్లో మన ఏడు తరాల పేర్లు తప్పు లేకుండ ఉండేవి. ఇప్పుడు ఆ పని చేసేటోళ్లు కరువైన్రు. చదువుకున్న మనమే ఆ పని అందుకోవాలె. చేతిలో ఫోన్ ఉంది, చదువు ఉంది. మొదలు మీ ఇంట్లో దాది కవరు తెరిచి చూడండి.

జై సేవాలాల్! జై భీం! జై ఆదివాసీ!